అనుకుంటా

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేలల్లో రాళ్లేరేవాళ్లకు ఒక రూలుంది.
ఎండ ఎదురుగా ఉండాలి.
నీడ వెనక పడాలి, చూసేదాని మీద పడకూడదు.
మా అమ్మ సుంకులమ్మ పదిహేడు వానలు అట్లా నడిచింది,
నడుము వంచి, కండ్లు చికిలించి.
మెరిసినదాన్నల్లా చెంపకానించి చల్లదనం చూసేది,
కొంగున ముడేసి పత్తికొండ సేటు దగ్గరికి పోయేది.
"వజ్రమే అనుకుంటా" అని పోయి
"గాజుపెంకంట" అని వచ్చేది.
వచ్చేదారిలో ఏ చేలో దొరికిందో ఆ చేలోకే విసిరేసేది.
బస్సుచార్జీ పోయింది.
రాయికేమీ కాలేదు.

ఇప్పుడు నేను కర్నూల్లో
బోరుమోటార్ల అంగడి పైన, ఏసీ గదిలో
నడుము వంచుకుని కూర్చుంటాను.
ఆకాశం నుంచి తీసిన బొమ్మలొస్తాయి.
ఏ ఊరో చెప్పరు. ఏ దేశమో అడగకూడదు.
ఇల్లయితే పచ్చ గడి, బండయితే నీలం,
మనిషయితే పసుపు,
మనిషి చేతిలో ఆయుధముంటే ఎరుపు.
మెషిన్ తన మాట ముందే చెప్పి పక్కన అంకె వేస్తుంది.
మేం ఊ అనాలి, లేదంటే ఊహూ అనాలి.
బొమ్మకు అరవై పైసలు, నాలుగు సెకన్లు.
దాటితే గడియారం ఎర్రబడుతుంది.

మద్దిలేటి సారు మంచోడు,
పుట్టినరోజులకు కేకు తెప్పిస్తాడు.
"ఇది ఉత్త సలహాదారమ్మా,
నిర్ణయం ఎప్పుడూ పైనున్న మనిషిదే" అంటాడు.
పైనున్న మనిషికి ఎన్ని సెకన్లిస్తారు సార్ అంటే
కేకు ముక్క నా చేతిలో పెట్టాడు.

మంగళవారం, టీ ఇంకా రాలేదు.
ఎండిన వంక. నలభయ్యో యాభయ్యో తెల్లచుక్కలు.
వాటి వెనక ఒక మనిషి, భుజాన ఏదో మడత,
చేతిలో పొడుగ్గా ఒక గీత, గీత కొసన చిన్న వంపు.
ఎరుపు గడి. ఎనభై మూడు.

ఆ వంపు నాకు తెలుసు.
మా వీధి కొసన కురువ ఉరుకుందు
మేకలకు తుమ్మకాయలు దూసే దోటికి అదే వంపు.
చుక్కల్ని రాళ్లనుకుంది మెషిన్.
రాళ్లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి నిలబడవని
దానికెవరు చెప్పాలి?
నేనే. అందుకే కదా అరవై పైసలు.

నాలుగు. దోటే.
మూడు. దోటేనా? ఆ దేశంలో తుమ్మచెట్లుంటాయా?
రెండు. ఉరుకుందు మా ఊళ్లో ఉన్నాడు, ఈయనెవరో.
ఒకటి.
గడియారం ఎర్రబడింది. ఎర్రగానే ఉంది కాసేపు.

ఊహూ అన్నాను.
ఎంత నమ్మకంగా అని అడిగింది, పదిలోపు అంకె వేయమంది.
అనుకుంటా అని రాయడానికి చోటు లేదు.
ఆరు వేశాను.

గురువారం అదే బొమ్మ మళ్లీ వచ్చింది.
గడి ఎరుపే. అంకె డెబ్బై ఏడు.
ఆరు తగ్గింది. అది నా ఆరో, వేరే ఎవరిదో.
ఆ ఆరులో మనిషి ఎంతమేర పడతాడు?
మోకాళ్లదాకానా?
పైనుంచి చూసే కంటికి నీడ వెనక పడదు,
నడినెత్తిన నిలిచి చూస్తుంది కాబట్టి
చూసినవాడి మీదే పడుతుంది.

శనివారం కాగితం ఇచ్చారు:
పదకొండు సెకన్లు, వేగం పెంచుకోవాలి.

ఆదివారం ఊళ్లో వాన వెలిసింది.
అమ్మ కొంగుముడి విప్పి అరచేతిలో ఒకటి పెట్టింది.
"నీ కండ్లకు జీతమిస్తాండారంట గదా, సూడు."
పడమటికి తిరిగాను. తిప్పాను. మళ్లీ తిప్పాను.
ఉరుకుందు మేకలు మా ముందు నుంచే పోయాయి,
దోటి భుజాన, దోటి మీద చెయ్యి, ఏదో గొణుక్కుంటూ ఆయన.
"తొందరేముందే" అంది అమ్మ,
"రాయి యాడికీ పోదు."

ఆయన అప్పటికే వంక దిగుతున్నాడు.